వెళ్లడానికి యాభై ఏడు గంటలు

2024 ఫిబ్రవరి 13, మంగళవారం

"ఎంత దూరముంటాదిరా మావయ్య ఊరు?"

అమ్మ ఏళ్ల తరబడి ఈ మాట అడుగుతూనే ఉంది. నేను బడిలో లెక్కలు చెబుతాను. అందుకని అడిగినప్పుడల్లా ఒక అంకె చెప్పేవాణ్ణి. "అంటే హైదరాబాదుకన్నా దూరమా?" అని మళ్లీ అడిగేది.

మా మేనమామ నలభై ఏళ్ల కిందట శ్రీకాకుళం దగ్గర మా పల్లె నుంచి తాపీ పనికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఉత్తరాంధ్ర నుంచి అలా అండమాన్ వెళ్లిపోయిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. చేపల వేటకు కొందరు, రోడ్ల పనికి కొందరు, ఇళ్ల పనికి కొందరు. రెండు మూడేళ్లకోసారి మావయ్యే వచ్చేవాడు. పోయినేడు మోకాలికి ఆపరేషన్ అయ్యాక రాలేకపోతున్నాడు. "వాడు రాలేకపోతే నాను వెళ్తాను. ఓడ మీదే వెళ్తాను" అంది అమ్మ. విమానం టిక్కెట్లు చూస్తానంటే ఒప్పుకోలేదు. తమ్ముడు మొదటిసారి వెళ్లిన రోజు మా తాతయ్యతో కలిసి విశాఖ హార్బరు దాకా వచ్చి సాగనంపింది ఆవిడే. ఓడ కనుమరుగయ్యాక వాడు ఏ దారిన పోయాడో, ఎన్ని రోజులు నీళ్ల మీద ఉన్నాడో ఆవిడకు తెలియదు. ఆ దారి చూడాలని ఉంది. చివరికి మా ఇద్దరి మధ్య ఒప్పందం: వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం.

బయల్దేరే ముందు మా తొమ్మిదో తరగతి పిల్లలచేత ఈ దూరం లెక్క కట్టించాను. విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం. పోర్ట్ బ్లెయిర్ 11.6, 92.7. దక్షిణానికి 6.1 డిగ్రీలు దిగాలి, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 677. తూర్పుకు 9.4 డిగ్రీలు జరగాలి. మన అక్షాంశాల దగ్గర రేఖాంశాల మధ్య ఎడం కాస్త తగ్గుతుంది కాబట్టి డిగ్రీకి 107.5 వేసుకుంటే 1,010. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. కర్ణం కట్టండి అంటే 1,216 వచ్చింది. భూమి గుండ్రదనం లెక్కలోకి తెచ్చి కట్టినా కిలోమీటరు మించి తేడా రాలేదు. విశాఖ నుంచి ఢిల్లీకి ఇలాగే తిన్నగా గీత గీస్తే 1,350 కిలోమీటర్లు దాటుతుంది. అంటే మాకు ఢిల్లీకన్నా పోర్ట్ బ్లెయిరే దగ్గర. పిల్లలు నమ్మలేదు, స్కేలు పెట్టి మ్యాపు మీద మళ్లీ కొలిచారు.

ఓడ సాయంత్రం ఐదింటికి అన్నారు. సరుకు ఎక్కించడం ఆలస్యమై, కదిలేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యాహ్నం నుంచీ సామాన్ల మీదే కూర్చున్నాం. చుట్టూ ఉన్నవాళ్లలో సగానికి సగం మన శ్రీకాకుళం, విజయనగరం యాసే. పెళ్లిళ్లకు వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్లు, కొత్తగా పనికి వెళ్తున్న కుర్రాళ్లు. ద్వీపంలో ఉండేవాళ్లకు ఐలాండర్ కార్డు ఉంటుంది, దాని మీద టిక్కెట్టు బాగా తక్కువ పడుతుంది. మాకు లేదు కాబట్టి పూర్తి ధర. వాళ్లు ఎక్కువమంది బంకులో, కింది అంతస్తులో వరసగా పేర్చిన పడకల మీద. మేం నలుగురు పట్టే కేబిన్ తీసుకున్నాం. అమ్మ సంచిలో మావయ్య కోసం మాడుగుల హల్వా, వడియాలు, తాటితాండ్ర. ఇంకో చిన్న గుడ్డమూట కూడా ఉంది, అదేమిటో అప్పుడు చెప్పలేదు.

1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ప్రయాణికుల ఓడ రాకతో విశాఖలోని ఈ రేవు తెరుచుకుంది. తొంభై ఏళ్లు దాటిన ఆ రేవులోంచి టగ్గులనే లాగుడు పడవలు మా ఓడను మెల్లగా తిప్పి కాలువలోకి పెట్టాయి. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా, నీటి మీంచి ఊరిని చూడటం నాకు ఇదే మొదలు. ఎడమ చేతివైపు మూడు కొండలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. మూడింటి దీపాలూ ఒకేసారి కనిపించాయి. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లటి గోడలా నిలబడి ఉంది. అమ్మ మూడు కొండలకూ దండం పెట్టింది. బ్రేక్‌వాటర్ దాటాక, మమ్మల్ని బయటికి తెచ్చిన పైలట్ తాళ్ల నిచ్చెన మీద కిందికి దిగి, తన పడవలో ఊరివైపు వెళ్లిపోయాడు. కొండ మీది లైట్‌హౌస్ వెలుగు మాత్రం చాలాసేపు మా వెంటే వచ్చింది. అది ఆగిపోయేదాకా అమ్మ రైలింగు వదల్లేదు.

ఫిబ్రవరి 14, బుధవారం

నిద్ర లేచేసరికి ఫోన్లో సిగ్నల్ లేదు. కేబిన్లోంచి పైకి వచ్చి చూస్తే నీళ్ల రంగు మారిపోయి ఉంది. బీచ్‌రోడ్డు నుంచి మనం చూసే ఆకుపచ్చ నీలం కాదు, సిరా సీసా ఒంపినట్టు ముదురు నీలం. విశాఖ దగ్గర సముద్రం అడుగు కొద్ది దూరం వరకే మెట్టుగా ఉంటుంది, ఆ మెట్టు దాటగానే లోతుకు పడిపోతుంది. నడి బంగాళాఖాతంలో లోతు మూడు కిలోమీటర్లదాకా ఉంటుందని చెబితే, అమ్మ "మనూరి నుంచి అరసవల్లి అంత లోతా!" అంది. వాళ్ల ఊరికీ అరసవల్లికీ సరిగ్గా అంతే దూరం. ఆవిడ అలా కొలుస్తుందని అప్పుడు తెలిసింది నాకు. అప్పటి నుంచీ నేనూ అంకెలు మాని అలాగే చెప్పడం మొదలుపెట్టాను.

పొద్దున పదింటికి ఒక ఆఫీసరు డెక్కు మీద కనిపిస్తే వేగం ఎంతని అడిగాను. పన్నెండు నాట్స్ అన్నారు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, కాబట్టి గంటకు 22 కిలోమీటర్లు. "గట్టిగా తొక్కే సైకిలంత" అన్నాను అమ్మతో. "రాత్రీ పగలూ దిగకుండా తొక్కితేనా?" అంది. అవును, అలాగే. సైకిలు తొక్కేవాడు ఆగుతాడు, ఓడ ఆగదు. ఓడతో అసలు సంగతి అదే. దాని బలం వేగంలో లేదు, ఆగకపోవడంలో ఉంది.

డెక్కు నీటికి పదిహేను మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, అక్కడ నిలబడినవాడికి క్షితిజరేఖ 14 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చుట్టూ అదే కొలతతో ఒక గుండ్రటి నీటి పళ్లెం, దాని నడుమ మేం. నలభై నిమిషాలకల్లా ఆ అంచు దగ్గరికి చేరిపోవాలి, కానీ పళ్లెం కూడా మాతోనే జరుగుతుంది. ఎంత సేపు చూసినా అదే పళ్లెం. రెండు మూడుసార్లు ఎగిరే చేపల గుంపు నీళ్లలోంచి లేచి, గుప్పెడు చిల్లర విసిరినట్టు మెరిసి మళ్లీ పడిపోయింది. బంకులోని పిల్లలంతా ఆ వైపు పరుగు.

ఆ రోజు వసంత పంచమి. కింద ఎవరో ఒక పాపకు అక్షరాలు దిద్దించారు. పలక లేక అట్టపెట్టె ముక్క మీద దిద్దించారని తర్వాత తెలిసింది. ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే ఓంకారం వంకర పోయిందని వాళ్లమ్మ నవ్వుకుంటూ చెప్పింది.

మధ్యాహ్నం తర్వాత అలలు కాస్త పెరిగాయి. అమ్మకు కడుపులో తిప్పింది. బంకులోంచి ఒకావిడ వచ్చి ఉప్పు రాసిన నిమ్మచెక్క నోట్లో పెట్టి, కేబిన్లో పడుకోవద్దని, ఓడ మధ్యలో గాలి తగిలేచోట కూర్చుని దూరంగా నీళ్ల అంచును చూడమని చెప్పింది. ఆవిడ ఇరవైసార్లు ఈ దారిలో తిరిగిందట. ఓడ ముందూ వెనకా ఊగినంతగా మధ్య ఊగదు, ఊయల లాగానే. గంటకల్లా అమ్మ తేరుకుంది.

ఫిబ్రవరి 15, గురువారం

ఏ వైపు చూసినా నీళ్లే. రాయడానికి ఏమీ లేని రోజు.

ఒక్క సంగతి మాత్రం గమనించాను. నా గడియారం ముల్లు ఎవరూ తిప్పలేదు, దేశమంతా ఒకటే సమయం. ఆ సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, కాకినాడ పక్కన పోయే గీత. విశాఖ దానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి మన గడియారమూ మన పొద్దూ ఇంచుమించు కలిసే నడుస్తాయి. మేం తూర్పుకు పోతున్నకొద్దీ పొద్దు ముందుకు జరుగుతోంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున. విశాఖలో ఈ రోజుల్లో సూర్యాస్తమయం ఆరింటికి రెండు మూడు నిమిషాల ముందు. ఆ సాయంత్రం ఓడ మీద ఐదున్నరకే ఎర్రటి బంతి నీళ్లలోకి దిగిపోయింది. గుడ్డమూట రహస్యం కూడా ఆ రాత్రే బయటపడింది. తడిగుడ్డలో చుట్టిన జిల్లేడాకులు, గుప్పెడు రేగుపళ్లు. మర్నాడు రథసప్తమి.

ఫిబ్రవరి 16, శుక్రవారం

అమ్మ నాలుగున్నరకే లేచింది. ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్లి ఇంద్రపుష్కరిణిలో స్నానం చేసి సూర్యనారాయణస్వామిని చూసి రావడం ఆవిడ అలవాటు. ఈ ఏడు ఓడ తారీఖు ఈ రోజుకే పడింది. ఏమీ అనలేదుగానీ, జిల్లేడాకులు మూడు రోజులు తడి ఆరకుండా కాపాడుకుంది. ఓడ స్నానాలగదిలో బక్కెట్టు నీళ్లతోనే, తలమీద ఆకులు, రేగుపళ్లు పెట్టుకుని స్నానం కానిచ్చింది.

పోర్ట్ బ్లెయిర్ ద్వీపం తూర్పు ఒడ్డున ఉంటుంది. మేం వచ్చింది పడమటి నుంచి. అంటే తిన్నగా వచ్చిన ఓడ కూడా దీవుల వరసను దాటుకుని, చుట్టు తిరిగి అవతలి వైపుకు రావాలి. నా 1,216 కిలోమీటర్ల గీత పక్షికీ విమానానికీ పనికొస్తుంది, ఓడకు ఆ వంపు కూడా కలపాలి. మేం పడుకున్నప్పుడు ఆ మలుపు అయిపోయినట్టుంది. డెక్కు మీదికి వచ్చేసరికి కుడివైపు తూర్పున తెరిచిన సముద్రం, ఎడమవైపు నల్లటి అడవి గీత. మూడు రాత్రుల తర్వాత నేల. గాలిలో తడి ఆకుల వాసన. ఆ వాసన తగలగానే బంకు జనమంతా ఒక్కొక్కరే పైకి వచ్చేశారు.

ఐదూ నలభైకి సూర్యుడు వచ్చాడు. అమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది. చుట్టూ ఉన్న మనవాళ్లు ఇంకా పదిమంది జోడించారు. ఆ సమయానికి అరసవల్లిలో ఇంకా చీకటే. అక్కడ ఆయన కనిపించడానికి ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఆ మాట అమ్మకు చెప్పాను.

"అయితే మన దగ్గిరికొచ్చాకే అక్కడికెళ్తాడా?"

"అవునమ్మా."

చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది. ఆ పొద్దు అమ్మకు దూరం తెలిసిపోయిందని నాకనిపించింది. మళ్లీ ఆ ప్రశ్న నన్ను అడగలేదు.

ఆరున్నరకు ఓడ రేవుకు ఆనుకుంది. మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర నుంచి యాభై ఏడు గంటలు. పన్నెండు నాట్స్ చొప్పున వేస్తే 684 నాటికల్ మైళ్లు, 1,267 కిలోమీటర్లు. నా గీతకన్నా యాభై కిలోమీటర్లు ఎక్కువ. ఆ యాభై, దీవుల చుట్టూ తిరిగిన వంపు.

రేవు గేటు బయట మావయ్య చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదట, తెల్లవారుజామునే వచ్చాడట. అమ్మ వెళ్లి తమ్ముడి మోకాలు తడిమి చూసింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. సామాన్లు ఆటోలో పెట్టే పని నేను పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 17, 18

మావయ్య ఇల్లు జంగ్లీఘాట్‌లో. ఆ వీధిలో తెలుగు వినపడని అరుగు లేదు. అత్తయ్య మాటల్లో మధ్యమధ్య హిందీ దొర్లుతుంది, పిల్లలు హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తారు. మనల్ని "మెయిన్‌లాండ్ వాళ్లు" అంటారు. ఆ పదం మొదట చెవికి కొత్తగా తోచింది. యాభై ఏడు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాడికి రెండో రోజుకే సరైన పదం అనిపించింది.

శనివారం సెల్యులార్ జైలుకు వెళ్లాం. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకు ఏడు చేతులు ఉండేవి, మూడే మిగిలాయి. అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడి, యావజ్జీవ శిక్ష పడి అండమాన్ వచ్చి, బతికి తిరిగివెళ్లి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. ఆయన్నీ ఓడలోనే తెచ్చారు. మేం డెక్కు మీద కూర్చుని చూసిన నీళ్లే. కాలాపానీ అన్న మాటలో ఉన్న భయం గోడలది మాత్రమే కాదు, ఆ నీటి పళ్లెంది కూడా. దూరాన్నే శిక్షగా వేశారు వాళ్లకు. గోడ దూకినవాడు ఆ పైన వెయ్యి కిలోమీటర్లు ఎలా ఈదుతాడు? అమ్మ ఒక గది ఊచలు పట్టుకుని, లోపలికి వెళ్లకుండా తిరిగి వచ్చేసింది.

ఆదివారమంతా ఇంట్లోనే. అక్కాతమ్ముళ్లు నలభై ఏళ్ల కబుర్లు చెప్పుకున్నారు. నేను రాసేవి కావవి.

ఫిబ్రవరి 19, సోమవారం

పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకు తిన్నగా ఎగిరితే టైంటేబుల్లో రెండు గంటలు పడే దారి. మాకు కావలసిన రోజున నేరు విమానం దొరకలేదు, చెన్నై మీదుగా రావలసి వచ్చింది. చెన్నై దాకా 1,370 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 620. మొత్తం 1,990. తిన్నగా వచ్చే దారికన్నా 770 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, అయినా అదే రోజు ఇంటికి.

గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోయే విమానానికి 1,216 కిలోమీటర్లు గంటన్నర పని. మరి రెండు గంటలని ఎందుకు రాస్తారని మా పిల్లలు తప్పకుండా అడుగుతారు. టైంటేబుల్లో రాసేది గాలిలో ఉన్న సమయం ఒక్కటే కాదు. గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగిన క్షణం దాకా. రన్‌వే దాకా నడక, ముందున్న విమానం లేచేదాకా ఆగడం, పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ తగ్గే వేగం, దిగే వరసలో చుట్టు తిరగడం, అన్నీ అందులోనే. దూరం ఎంత తక్కువైతే ఈ అదనం అంత ఎక్కువ కనిపిస్తుంది. విశాఖ నుంచి హైదరాబాద్ ఆకాశంలో 510 కిలోమీటర్లే, నలభై నిమిషాల్లో అయిపోవాలి. టైంటేబుల్ గంటంపావు చెబుతుంది. రుతువు కూడా లెక్కలోకి వస్తుంది. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి వేగంగా గాలి వీస్తుంది. దాన్ని 1950లలో గుర్తించి చెప్పినవారు మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆ నెలల్లో మెయిన్‌లాండ్ వైపు వచ్చే విమానానికి అది వెన్ను తట్టే గాలి, వెళ్లే విమానానికి ఎదురుగాలి.

ఏడూ ముప్పావుకు మావయ్య ఇంట్లోంచి బయల్దేరాం. పదీ ఇరవైకి విమానం లేచింది. అమ్మకు కిటికీ పక్క సీటు. పచ్చటి దీవులు, చుట్టూ తెల్లటి నురగ అంచు, అదంతా పది నిమిషాల్లో వెనకబడింది. ఆ తర్వాత నీలం. పదకొండు కిలోమీటర్ల ఎత్తు నుంచి క్షితిజరేఖ 370 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. ఓడ మీద పద్నాలుగు కిలోమీటర్ల పళ్లెంలో మూడు రాత్రులు ఉన్నవాళ్లం, ఇప్పుడు అంత సముద్రాన్ని ఒక్క చూపులో చూస్తున్నాం. కింద ఎక్కడో ఒక తెల్లటి గీత, దాని కొసన చీమంత ఓడ.

అమ్మ దాన్ని వేలితో చూపించింది. "అందులో ఉన్నోళ్లకి మనం కనపడతామా?"

"కనపడం. శబ్దం మాత్రం వినపడచ్చు."

"పాపం, వాళ్లకింకా రెండు రాత్రులుంటాది" అంది. ఆ ఓడ ఎటు పోతోందో మాకు తెలియదు. అయినా మబ్బు అడ్డం వచ్చేదాకా దాన్నే చూసింది. పన్నెండూ నలభైకి చెన్నైలో దిగాం. అక్కడ రెండున్నర గంటలు కుర్చీల్లో కూర్చున్నాం. అటు రెండు గంటల ఇరవై నిమిషాలు, ఇటు గంటా ఇరవై. విమానంలో ఉన్న సమయం మొత్తం మూడుముప్పావు గంటలు దాటలేదు.

నాలుగున్నరకు విశాఖ. నేవీ వాళ్ల రన్‌వే మీద దిగి, కొండల మధ్యలోంచి బయటికి వస్తే గాజువాక పక్కనే. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం అప్పటికింకా కడుతున్నారు. విమానాలన్నీ అటు పోతే మా ఇంటి నుంచి రోడ్డు మీదే యాభై కిలోమీటర్ల పైమాట. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం దగ్గరవుతుంది, మా పల్లెకు కూడా. ఆ మాట చెబితే అమ్మ సంతోషించింది. (ఆ సెప్టెంబరులోనే పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చారు. మావయ్య చిరునామా కొత్తగా రాసుకున్నాం.)

ఐదున్నరకు ఇంటి తలుపు తీశాం. తొమ్మిదీ ముప్పావు గంటలు. అమ్మ చెప్పులు విప్పకుండానే ఫోను అందుకుంది.

"చేరిపోయాన్రా... ఆఁ, ఇప్పుడే... నువ్వేటి చేస్తన్నావు?"

అవతల మావయ్య గొంతు నాకూ వినపడింది. "దీపాలు పెట్టేశామే అక్కా. చీకటి పడిపోతోంది."

అమ్మ ఫోను చెవికి ఆనించుకునే వీధి గుమ్మం దాకా నడిచింది. ఎదురింటి మేడ మీద ఎండ ఇంకా పచ్చగానే ఉంది.

"మాకింకా ఉందిరా" అంది.